ఆస్తి ఆయుష్షు

బావికో మోటారుకో అప్పు ఇచ్చేముందు బ్యాంకు కాగితంలో నింపాల్సిన గళ్ళలో ఆస్తి ఆయుష్షు ఒకటి. కరెంటు మోటారు ఎన్నేళ్ళు పనిచేస్తుంది, పైపులైను ఎన్నేళ్ళు నిలుస్తుంది, రాతికట్టు బావి ఎంతకాలం నీళ్ళిస్తుంది, ఇవన్నీ రాస్తేనే వాయిదాలు వేయడం కుదిరేది. ఆస్తి బతికుండగానే, దాని సంపాదనతోనే అప్పు తీరాలి. దేవనహళ్ళి తాలూకా పల్లెల్లో ఫీల్డ్ ఆఫీసరుగా నా ఉద్యోగకాలంలో చాలా భాగం గడిచింది. మాది బాగేపల్లి వైపు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. దేవనహళ్ళి చుట్టుపక్కల మొరసు ఒక్కలిగ ఇళ్ళలో చాలాచోట్ల తెలుగే మాట్లాడుతారు కాబట్టి పహణీ కన్నడంలో చదివినా, లెక్క మాత్రం తెలుగులోనే తేల్చుకునేవాళ్ళం.

బెంగళూరు కొత్త విమానాశ్రయంతో దేవనహళ్ళికి పెట్టుబడి వచ్చిందని అందరూ అంటారు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఈ నేలమీద పెట్టుబడి అయిదారు వందల ఏళ్ళుగా పేరుకుంటూనే ఉంది. ఎవరు పెట్టారు, ఎన్నాళ్ళు నిలిచింది, అరిగిన మేరకు తిరిగి ఎవరు పూడ్చారు అన్నవి నేను అడిగే ప్రశ్నలు. మొదటి రెండూ పుస్తకాల్లో దొరుకుతాయి. మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఈ ఊరి బాగోగులు మాత్రం దానిమీదే నిలబడి ఉన్నాయి.

నంది కొండల దగ్గర రెండు పినాకినులు పుడతాయి. ఉత్తర పినాకిని మన పెన్న అయి నెల్లూరు దాకా వెళ్తుంది. దక్షిణ పినాకిని హొసకోట మీదుగా తమిళదేశం దారి పడుతుంది. నదుల పుట్టిల్లే గాని ఇక్కడ ఏడాది పొడుగునా పారే నీరు లేదు. వానే దిక్కు. అందుకని పాతవాళ్ళు గొలుసు చెరువులు కట్టారు. పై చెరువు నిండి మరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువులో పడాలి, అక్కణ్ణుంచి ఇంకో చెరువులో. మైసూరు చీఫ్ ఇంజనీరు శాంకీ 1866లో ఈ ప్రాంతపు చెరువులను పరిశీలించి, కొత్త చెరువుకు జాగా వెదకాలన్నా కష్టమే అన్నంత దట్టంగా ఇవి పరుచుకుని ఉన్నాయని రాశాడు. రైలు, బ్యాంకు, కరెంటు ఏవీ లేని కాలంలో ఒక సమాజం తన కష్టాన్ని, మిగులు ధాన్యాన్ని మట్టికట్టగా ఎంతవరకు మార్చగలదో అంతవరకూ మార్చింది.

ఒక్కో కట్టకు ఎంత ఖర్చయిందో తెలుసుకోవాలంటే మన కడప జిల్లా పోరుమామిళ్ళకు పోవాలి. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ తవ్వించిన చెరువుకు 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బళ్ళు, రెండేళ్ళ పని అని అందులో చెక్కారు. నేను చదివిన ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇంత సూటిగా ఖర్చు చెప్పినవి తక్కువ. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తప్పించుకోవలసిన ఆరు దోషాలు కూడా ఆ రాతిమీద ఉన్నాయి. కట్ట కారడం, చవుడునేల, నీళ్ళు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు కట్టడమూ దోషమే. ఎవరు బాగుచేయాలన్న తగాదా తేలదు మరి.

అంత ఖర్చుపెట్టి కట్టినవాడికి ఏం దక్కేది? దానికి కన్నడ తెలుగు సీమల్లో ఒకే ఏర్పాటు ఉండేది: దశబంధం. కోలారు, అనంతపురం, కడప ప్రాంతాల శాసనాల్లో ఈ మాట పదేపదే కనబడుతుంది. చెరువు తవ్వినవాడికో, తెగిన కట్టను కట్టినవాడికో ఆ చెరువు కింది మాగాణిలో కొంత భాగాన్ని మాన్యంగా ఇచ్చేవారు. పేరును బట్టి పదో వంతు. కొన్నిచోట్ల ఎక్కువా తక్కువా. అది తరతరాలు అనుభవించవచ్చు, కాని ఉత్తపుణ్యానికి కాదు. ఏటేటా పూడిక తీయాలి, కట్టమీద చెట్లు పెరగనీయకూడదు, తూము సరిచూడాలి. చెరువు ఎండితే అతని మాగాణీ ఎండుతుంది. బాగుచేయించే బాధ్యతను, లాభాన్ని ఒకే చేతిలో పెట్టిన ఏర్పాటు ఇది. ఇంగ్లీషు దొరల కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లోనూ దశబంధ ఇనాములు వేరే పద్దుగా కనిపిస్తాయి. మరమ్మతు చేయని ఇనాందారుడి భూమిని సర్కారు వెనక్కి తీసుకునే షరతు కూడా ఉండేది. బ్యాంకు కాగితంలో ఆయుష్షు రాసుకుంటాం. ఆ ఆయుష్షును పెంచేవాడికి ఇంత వాటా అని రాసుకున్న కాగితం మాత్రం నా సర్వీసులో చూడలేదు.

కోట కథ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆవతి నాడప్రభువుల వంశంలోని మల్ల బైరేగౌడ 1501లో ఇక్కడ మట్టికోట కట్టాడు. 1749లో మైసూరు సేనలు దాన్ని పట్టుకున్నాయి. ఆ ముట్టడిలోనే హైదరాలీ అనే గుర్రపు సైనికుడు పెద్దల కంటపడ్డాడు. మరుసటి ఏడు ఈ ఊళ్ళోనే టిప్పు పుట్టాడు. మట్టికోట రాతికోట అయింది. 1791లో కార్న్‌వాలిస్ దాన్ని తీసుకున్నాడు. ఆ పిమ్మట దాని పని అయిపోయింది. బురుజులు నేటికీ దిట్టంగా నిలిచి ఉన్నాయి, లోపల వేణుగోపాలస్వామి గుడి ఉంది, జనం కాపురమున్నారు. కోటకు పెట్టిన డబ్బు తక్కువేమీ కాదు, కాని అది పంట పండించలేదు. కట్టడం ఎన్నాళ్ళు నిలిచిందన్నదీ, ఎన్నాళ్ళు పనికొచ్చిందన్నదీ వేర్వేరు లెక్కలని నాకు నేర్పింది ఆ కోట గోడలే.

రైలు సంగతి అలా కాదు. యలహంక నుంచి చిక్కబళ్ళాపురానికి చిన్న గేజి లైను 1915లో వచ్చింది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు. బెంగళూరు-చిక్కబళ్ళాపుర లైట్ రైల్వే అని దానికి ఒక కంపెనీ పెట్టి నడిపారు. అప్పటి మైసూరు దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ముద్దేనహళ్ళి ఇక్కడికి దగ్గరే. ఆయన పూర్వీకులది మన తెలుగు సీమలోని మోక్షగుండం. 1912 నుంచి 1918 దాకా దివానుగిరీలో ఆయన చేసిన పనులన్నీ ఒకే ఆలోచనకు కొమ్మలు: సంస్థానంలో చెల్లాచెదురుగా ఉన్న మిగులును ఒకచోటికి తెచ్చి, సంపాదించే ఆస్తిగా మార్చడం. 1913లో బ్యాంక్ ఆఫ్ మైసూర్ పెట్టించాడు. భద్రావతి ఇనుప కర్మాగారానికి పునాది వేశాడు. దేశం మొత్తానికి ప్రణాళిక కావాలని 1934లో పుస్తకం రాశాడు. పంచవర్ష ప్రణాళికలకు అది ఎంతో ముందు.

చిన్న గేజితో ఒక ఇబ్బంది ఉండేది. యలహంకలో బస్తాలన్నీ దించి పెద్ద రైలుకు ఎక్కించాలి. పక్కనే బెంగళూరు-హైదరాబాదు రోడ్డు మీద లారీలు తిరగడం మొదలయ్యాక సరుకు రైలు వదిలి రోడ్డెక్కింది. 1990లలో లైను బ్రాడ్‌గేజి అయింది. ఆనాటి పెంకుటింటి స్టేషను భవనాలను, దేవనహళ్ళిదాన్ని కూడా, పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ బెంగళూరు శాఖ ఈమధ్య బాగుచేయించింది. 2021 జనవరిలో అదే లైను మీద విమానాశ్రయం పేరుతో ఒక హాల్టు తెరిచారు. నూరేళ్ళ కింద వేసిన దారి హక్కు ఇవాళ విమాన ప్రయాణికుడికి పనికొచ్చింది. మంచి పెట్టుబడికి ఇలాంటి రెండో జన్మ ఉంటుంది.

ఇక నా చేతిమీదుగా నడిచిన కాలం. 1969 జూలైలో బ్యాంకులు జాతీయమయ్యాక పల్లెల్లో శాఖలు తెరుచుకున్నాయి. 1982లో నాబార్డు వచ్చింది, రీఫైనాన్స్ వచ్చింది. అప్పటికి ఈ తాలూకాలో మోటబావుల మీద కరెంటు మోటార్లు పడ్డాయి. బావి లోతు చేసుకోవడానికి, పక్కబోర్లు వేసుకోవడానికి అప్పులు అడిగేవాళ్ళు. తర్వాత ద్రాక్ష. బెంగళూరు బ్లూ అనే నల్లద్రాక్ష ఈ ఎర్రనేలకు అచ్చొచ్చిన పంట, ఏడాదికి రెండు కోతలు. పందిరి వేయాలంటే రాతి కూసాలు కావాలి, వాటిమీద ఇనుప తీగలు అడ్డంగా నిలువుగా లాగాలి. కూసాలు కొయిర వైపు క్వారీల నుంచి ట్రాక్టర్ల మీద వచ్చేవి. మొదటి రెండేళ్ళు ఆదాయం ఉండదు కనుక వాయిదాలకు మారటోరియం ఇచ్చేవాళ్ళం. మూడో ఏట కాయ దిగితే రైతు ముఖం చూడాలి! చకోత తోటలు, మల్బరీ, విజయపుర పట్టుగూళ్ళ మార్కెట్టు, ఇంటింటా రెండు ఆవులు. రోడ్డు పక్కన ఏ పెద్ద ఫ్యాక్టరీ లేకపోయినా ఈ తాలూకా పెట్టుబడితో నిండి ఉండేది. అది ఎకరాల లెక్కన, కూసాల లెక్కన వందలమంది చేతుల్లో పరుచుకుని ఉండేది. బెంగళూరు తూర్పున 1940లో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వచ్చింది, తర్వాత ఐటీఐ, హెచ్ఎంటీ, బీఈఎల్ వచ్చాయి. ప్రణాళికల కాలపు పెట్టుబడి అంటే చదువుకున్నవాళ్ళకు అవే గుర్తొస్తాయి. నాకు మాత్రం ద్రాక్ష పందిళ్ళే గుర్తొస్తాయి.

ఆ పందిళ్ళను బతికించింది నీళ్ళు. ఎనభైల్లో రెండొందల అడుగుల బోరు పెద్ద బోరు. తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీలు రాత్రింబగళ్ళు తిరిగేవి. రెండొందలు నాలుగొందలయ్యాయి, నాలుగొందలు ఎనిమిదొందలయ్యాయి. ఇప్పుడు వెయ్యి అడుగులు దాటినా నమ్మకం లేదు. బోర్లు వచ్చాక చెరువు వైపు ఎవరూ తలతిప్పి చూడలేదు. చెరువు నీళ్ళు పొలాలకు పంచే నీరుగంటి పని పోయింది. కాలవలు ఆక్రమణ పాలయ్యాయి. పూడిక పేరుకుని, ఊరే నీరు ఊరడం మానేసింది. గుట్టలమీద, బీళ్ళలో నీలగిరి చెట్లు నాటారు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం కొత్తగా నాటడాన్ని నిషేధించేనాటికి జరగాల్సింది జరిగిపోయింది. పెట్టిన పెట్టుబడిలో చాలా భాగం, అంతకు మునుపటి పెట్టుబడిని అరగదీసి వాడుకుంది. అయిదొందల ఏళ్ళు నిలిచిన చెరువు చచ్చిపోతుంటే పదేళ్ళ ఆయుష్షున్న మోటార్లు కొన్నాం. కాగితం మీద మాత్రం ప్రతి ఏడూ ఆస్తులు పెరిగాయి.

ఆవతి దగ్గరి ఒక పెద్దాయన ఎండిన బోరు పక్కన నిలబడి అన్న మాట ఇది: "సారూ, మా తాత తవ్విన బాయి నీళ్ళు మూడు తరాలు తాగినాం. నేనేసిన బోరు మూడేండ్లు రాలేదు. అప్పు మాత్రం ఇంకా ఉండాది. మీ కాగితంలో దీన్నేమని రాస్తారు స్వామీ?" బ్యాంకు దాన్ని మొండిబకాయి పద్దులో రాస్తుంది. దేశం లెక్కల్లో అది మూలధన కల్పన కింద ఎప్పుడో చేరిపోయింది.

దేశం లెక్క అన్నాను కాబట్టి ఒక మాట. 1950-51లో దేశ ఆదాయంలో పదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే కొత్త ఆస్తుల మీద పెట్టగలిగాం. వెస్టిండీస్‌లో పుట్టిన ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో ఒక మాట చెప్పాడు: పేదదేశం ముందుకు కదలాలంటే ఆదాయంలో నాలుగైదు శాతం పొదుపు, పెట్టుబడి స్థాయి నుంచి పన్నెండు, పదిహేను శాతానికి ఎదగాలి. మనం అంతకు మించి ఎదిగాం. 2007-08 నాటికి ఆ వంతు మూడో భాగాన్ని దాటింది. తర్వాత కొంత దిగి, ఈమధ్య 30 శాతం దగ్గర నిలిచింది. ఇది గొప్ప విజయమే, నేను తక్కువ చేయను. ఆకలిని అనుభవించిన కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. కాని ఆ అంకె స్థూలమైనది. అందులోంచి యంత్రాల తరుగుదల తీసేసి నికర లెక్క కూడా వేస్తారు. భూమి అడుగున తరిగిన నీటిని, పూడిపోయిన చెరువును తీసేయరు.

ఆ అంకె శిఖరానికి ఎక్కుతున్న రోజుల్లోనే దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం లేచింది. ఆలోచన 1991 నాటిది. సతీష్ ధావన్ అధ్యక్షతన వేసిన కమిటీ స్థలం వెదికింది. 2004లో ఒప్పందం, 2005 జూలైలో పని మొదలు, 2008 మే 24న విమానాలు. నాలుగు వేల ఎకరాల పైచిలుకు. అన్నేశ్వర, గంగముత్తనహళ్ళి, అరిశినకుంటె పొలాలు అందులో కలిశాయి. మొదటి వాటాల పట్టిక చూడండి: సీమెన్స్ 40 శాతం, ఎల్ అండ్ టీ 17, జ్యూరిక్ విమానాశ్రయ సంస్థ 17, విమానాశ్రయాల అథారిటీ 13, కర్ణాటక ప్రభుత్వ సంస్థ 13. తర్వాత మన హైదరాబాదు జీవీకే వచ్చింది. 2017 నుంచి కెనడాకు చెందిన ఫెయిర్‌ఫ్యాక్స్ పెద్ద వాటాదారు. దాని అధిపతి ప్రేమ్ వత్స పుట్టింది హైదరాబాదులోనే. అదే 2008 మార్చిలో శంషాబాదులో జీఎంఆర్ విమానాశ్రయం తెరిచింది. ప్రైవేటు పెట్టుబడి, ప్రభుత్వ భూమి కలిసిన ఈ పద్ధతి తెలుగువాళ్ళకు కొత్త కాదు.

భూమి పరిహారం జమ అయిన నెలల్లో శాఖలో ఫిక్స్‌డ్ డిపాజిట్ల రసీదులు రాయడానికి చేతులు చాలేవి కావు. తెలివైనవాళ్ళు హిందూపురం, గోరంట్ల వైపు పోయి మళ్ళీ భూమే కొన్నారు. కొందరు ఇళ్ళు కట్టి అద్దెకిచ్చారు. కొందరికి రెండేళ్ళలో రసీదూ లేదు, భూమీ లేదు. రాతి కూసాలు పీకి లారీల్లో అమ్ముకున్నారు. విమానాశ్రయం వల్ల ఉద్యోగాలు వచ్చాయి, ఒప్పుకుంటాను. నా పూర్వపు ఖాతాదారుల పిల్లల్లో అక్కడ పనిచేసేవాళ్ళున్నారు. 2024-25లో నాలుగు కోట్ల మందికి పైగా ఆ దారిన ప్రయాణించారు. 2019లో రెండో రన్‌వే, 2022లో రెండో టెర్మినల్, 2024 జనవరిలో 43 ఎకరాల్లో బోయింగ్ ఆవరణ, 300 ఎకరాల్లో ఫాక్స్‌కాన్ ఫోన్ల ఫ్యాక్టరీ. ఒకటి వస్తే దాన్ని ఆనుకుని ఇంకొకటి వస్తుంది. పెట్టుబడి స్వభావమే అది.

అయితే భూమి తీసుకుంటే చాలు, పెట్టుబడి దానంతటదే వస్తుందనుకోవడం పొరపాటు. అదే హైవే మీద సరిహద్దు దాటగానే చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జి హబ్ పేరుతో 8,844 ఎకరాలు సేకరించారు. ఏళ్ళు గడిచినా చెప్పుకోదగ్గ కట్టడం లేవలేదు. ఇంకాస్త పైకి పోతే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. 2017లో ఒప్పందం, 2019లో కారు బయటికొచ్చింది. తేడా ఎక్కడుంది? కియాకు ముందు గొల్లపల్లి రిజర్వాయరుకు హంద్రీ-నీవా నీళ్ళు చేరాయి. ప్రభుత్వం కొన్నేళ్ళుగా పెట్టిన నీటి పెట్టుబడి మీద కార్ల పెట్టుబడి నిలబడింది.

దేవనహళ్ళిలో చన్నరాయపట్న హోబళి రైతులు చెప్పిందీ నీళ్ళున్న నేల సంగతే. ఏరోస్పేస్ పార్కు కోసం పదమూడు గ్రామాల్లో 1,777 ఎకరాలు కావాలని పరిశ్రమల బోర్డు నోటీసు ఇస్తే, 2022 నుంచి మూడేళ్ళకు పైగా ధర్నా చేశారు. ద్రాక్ష, పూలు, కూరగాయలు, పాలు అమ్ముకుని బతుకుతున్నాం, ఇది బీడు కాదు అన్నారు. 2025 జూలై 15న ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ఆ సేకరణను విరమించుకుంటున్నామని ప్రకటించారు. ఇష్టపడి ఇచ్చేవాళ్ళ భూమి మాత్రం ఎక్కువ ధరకు తీసుకుంటామన్నారు. అదే రోజు ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ ఆ పరిశ్రమను ఆంధ్రాకు రమ్మని, బెంగళూరు పొలిమేరల్లోనే ఎనిమిది వేల ఎకరాలు సిద్ధంగా ఉన్నాయని పిలిచారు. పిలవడం తప్పు కాదు. ఆ ఎకరాలకు నీళ్ళు ఎక్కణ్ణుంచి అన్న లెక్క కూడా పక్కనే పెట్టాలి.

నీళ్ళ విషయంలో దేవనహళ్ళిలో ఈమధ్య ఒక మంచి పని జరిగింది. హెబ్బాళ, నాగవార లోయల్లో శుద్ధిచేసిన బెంగళూరు మురుగునీటిని పైపుల్లో తెచ్చి ఈ వైపు చెరువులు నింపుతున్నారు. ఊళ్ళోని సిహినీరు చెరువు నిండింది. దాని పక్కనే వాడుక పోయిన పాత బావిలో నీరూరింది. బావి పూడిక తీసి, ఆ నీటిని మళ్ళీ శుద్ధిచేసి పురసభ ఇళ్ళకు ఇస్తోంది. రైతులు ఇంకో అంచె శుద్ధి కూడా చేయాలని అడుగుతున్నారు. న్యాయమైన కోరిక. నింపడానికి ఒక పథకం ఉంది. పూడిక తీయడానికి, మరవలు సరిచేయడానికి, కాలవల ఆక్రమణలు తొలగించడానికి ఏటేటా నిధి ఎక్కడిదో మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

నిధి ఉంది. విమానాశ్రయ కంపెనీ తన స్థూల రాబడిలో 4 శాతం కన్సెషన్ ఫీజుగా చెల్లించాలని 2004 ఒప్పందంలోనే ఉంది. ఆ సొమ్ము ఢిల్లీకి పోతుంది. అందులో పదో వంతు దేవనహళ్ళి, దొడ్డబళ్ళాపుర, చిక్కబళ్ళాపుర తాలూకాల చెరువులకు రావాలని నా వాదన. కొత్త పన్ను వేయనక్కరలేదు. ప్రతి చెరువుకు ఆయకట్టు రైతుల సంఘం ఉండాలి, నీరుగంటికి నెల జీతం ఉండాలి. పూడిక ఎంత తీశారో పంచాయతీ కొలిచి గోడమీద రాయాలి. ఏ ఏడు పని జరగకపోతే ఆ ఏడు వాటా ఆ సంఘానికి ఆగి, పై చెరువు సంఘానికి పోవాలి. ఇదే మాట అర్జీగా రాసి తాలూకా పంచాయతీకి ఇచ్చాం. సంతకాలు పెట్టినవాళ్ళలో విమానాశ్రయానికి భూమి ఇచ్చినవాళ్ళూ ఉన్నారు, చన్నరాయపట్నలో ఇవ్వం అన్నవాళ్ళూ ఉన్నారు.